ప్రాణం తాగే రంగులు

అనగనగా, కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, సిరికొండపురమని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ధరణికేతు అని ఒక రాజు. ఆ రాజుకు ఒక్కగానొక్క కొడుకు, పేరు నీలకేతు.

రాజకుమారుడంటే కత్తి పట్టాలి, వేటాడాలి. నీలకేతు చేతికి కత్తి ఇస్తే దాంతో బొగ్గుముక్క చెక్కుకునేవాడు. ఆ బొగ్గుతో బొమ్మలు వేసేవాడు. మనుషుల బొమ్మలు కాదు, అడవి జీవాల బొమ్మలు. తెల్లవారగానే గుడ్డల చుట్ట చంకన పెట్టుకుని అడవికి పోవడం, పొదల్లో కదలకుండా కూర్చోవడం, చూడటం. అదే అతని పని. దుప్పి నీళ్లు తాగేటప్పుడు ఏ చెవి ముందు తిప్పుతుందో చూసేవాడు. ఉడుత గింజను ఏ వైపు నుంచి ఒలుస్తుందో చూసేవాడు. చూసి చూసి, అప్పుడు గీసేవాడు.

ఆ అడవి దారులన్నీ అతనికి చూపించింది జుంటి. తేనె పట్టేవాళ్ల పెద్ద ఎర్రన్న కూతురు ఆ పిల్ల. రాజకుమారుడని భయమూ లేదు, బెరుకూ లేదు.

"దొరా, దుప్పి బాగుంది గానీ దాని కంట్లో భయం లేదు. భయం లేకపోతే అది దుప్పి కాదు, మేక" అనేది. నీలకేతు నవ్వి, చెరిపి, మళ్లీ గీసేవాడు.

ఇలా ఉండగా ఒకనాడు కోటకు రంగులమ్మే ముసలివాడొకడు వచ్చాడు. మోకాళ్ల దాకా గడ్డం, భుజాన కావడి.

"రాజకుమారా, నీ బొమ్మలు చూశాను. చెయ్యి గొప్పది, రంగులే పేలవం. నా రంగులు వాడు. నాకు వెల వద్దు. వేసిన బొమ్మ ఇచ్చేస్తే చాలు" అన్నాడు.

నీలకేతు ఆ రంగులతో చుక్కల దుప్పుల మంద బొమ్మ వేశాడు. సభలో విప్పితే అందరూ నిర్ఘాంతపోయారు. రాజుగారు వేలితో దుప్పి మెడను తాకి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గుడ్డ వెచ్చగా ఉంది. ముసలివాడు బొమ్మను చుట్టచుట్టి పట్టుకుపోయాడు.

మర్నాడు జుంటి అంది, "దొరా, దుప్పులు నీళ్లకు రాలేదు."

"ఎక్కడికో మేతకు పోయుంటాయిలే" అన్నాడు నీలకేతు.

రెండోసారి ముసలివాడు వచ్చాడు, రంగులిచ్చాడు. నీలకేతు తెడ్డుమూతి కొంగల గుంపు బొమ్మ వేశాడు. ముసలివాడు పట్టుకుపోయాడు. మర్నాడు మడుగులో ఒక్క కొంగ లేదు. నీళ్ల మీద తెల్లటి ఈక ఒక్కటి తేలుతోంది.

మూడోసారి ముసలివాడు వచ్చాడు, రంగులిచ్చాడు. నీలకేతు ఏటి ఒడ్డున ఆడుకునే నీటికుక్కల బొమ్మ వేశాడు. ఒడ్డున నిలబడి వాటిని చూస్తున్న జుంటి కూడా ఒక మూలన చిన్నగా పడింది. వెయ్యాలని కాదు. ఆమె అక్కడ ఉంది, చెయ్యి దానంతటదే గీసేసింది.

మర్నాడు పొద్దున్నే ఎర్రన్న రొప్పుతూ కోటకు వచ్చాడు.

"దొరా, నిన్నటి నుంచి నా బిడ్డ లేదు. ఒక్కసారి వచ్చి చూడు" అన్నాడు.

ఏటి ఒడ్డున తడి ఇసుకలో జుంటి అడుగులున్నాయి. పది అడుగులు వేసి, పదకొండోది లేదు. వెనక్కి తిరిగిన జాడ లేదు, నీళ్లలో దిగిన జాడ లేదు. తేనెబుట్ట అక్కడే పడి ఉంది. ఏట్లో ఒక్క నీటికుక్క లేదు.

నీలకేతు ముసలివాడింకా పట్టుకుపోని బొమ్మను చంకలోంచి తీసి విప్పాడు. బొమ్మలో జుంటిని నీటికుక్కల వైపు చూస్తున్నట్టు గీశాడు కదా. ఇప్పుడామె ముఖం ఇటు తిరిగి ఉంది. తిన్నగా అతని కళ్లలోకి చూస్తోంది. ఆ చూపు చూసి ఎర్రన్న ఇసుకలో కూలబడిపోయాడు.

"నా చేత్తోనే" అన్నాడు నీలకేతు.

వెనక నుంచి ఒక చెయ్యి బొమ్మను లాక్కుంది. రంగుల ముసలివాడు. చూస్తుండగానే గడ్డం రాలింది, నడుము నిలబడింది, తాటిచెట్టంత మాంత్రికుడయ్యాడు.

"నా పేరు కరాళుడు. నీ బొమ్మల్లో చిక్కిన జీవాల ఆయుష్షు తాగి బతుకుతాను. రంగు వెలిసేదాకా వాటికి ప్రాణం, వెలిశాక లేదు. నీ అంత చూసి గీసేవాడు నాకు మళ్లీ దొరకడు. ఇంకా వెయ్యి" అని పొగై ఎగిరిపోయాడు.

నీలకేతు ఆ రోజంతా అడవిలో పిచ్చివాడిలా తిరిగాడు. కూత లేదు, అలికిడి లేదు. ఆ రంగులతో తను ముచ్చటపడి గీసిన జీవమల్లా పోయింది. సాయంత్రానికి ఒక రాతి మీద కూర్చుని ఏడుస్తుంటే మూడు గొంతులు వినిపించాయి. చూస్తే ఒక కాకి, ఒక తాబేలు, ఒక పందికొక్కు.

"మీరెలా మిగిలారు?" అని అడిగాడు.

"అందంగా లేమని నువ్వు మమ్మల్ని ఎప్పుడూ గీయలేదుగా" అంది కాకి.

నీలకేతు తలదించుకున్నాడు. తాబేలు మెల్లగా దగ్గరికొచ్చి, "సిగ్గు తర్వాత పడుదువులే. కరాళుడి కోట ఏడు సముద్రాల అవతల ఉంది. నా వీపెక్కు" అంది.

ఉప్పునీటిని తాకగానే ఆ తాబేలు పడవంత అయింది. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం దాటారు. నెయ్యి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం దాటారు. ఏడోది మంచినీళ్ల సముద్రం, అదీ దాటారు. దాటితే నల్లరాతి కోట. కాకి ముందే ఎగిరిపోయి, మూడు రోజులు దాని చూరు మీద కూర్చుని అన్నీ విని వచ్చింది.

"వాడి ప్రాణం చిలకలో ఉంది. అయితే చిలకలు మూడున్నాయి, నేలమాళిగలో. ఒకటే అసలుది. తప్పు చిలకను ముట్టుకున్నావా, నువ్వూ బొమ్మవై గోడకెక్కుతావు" అంది.

పందికొక్కు కోటగోడ కింద సొరంగం తవ్వింది. నీలకేతు పాక్కుంటూ లోపలికి పోయాడు.

పైకి లేచి చూశాడు. గోడల మీద తన బొమ్మలే. దుప్పుల చుక్కలు వెలిసిపోతున్నాయి. కొంగలు బూడిదరంగుకు తిరిగాయి. జుంటి ముఖం ఉతికిన గుడ్డలా పాలిపోయి ఉంది, కళ్లు మాత్రమే నల్లగా మిగిలాయి. ఇంకొక్క పూట ఆగితే అవీ ఉండవు.

మధ్యలో మూడు పంజరాలు, మూడు చిలకలు. మూడింటికీ అదే పచ్చదనం, అదే ఎర్రముక్కు, మెడకు అదే నల్లటి గీత. మూడూ ఒకేసారి "నేనే అసలు చిలకను" అన్నాయి.

నీలకేతు కంగారుపడలేదు. అడవిలో కూర్చున్నట్టే నేల మీద కూర్చున్నాడు. చూశాడు. ముక్కు చూడలేదు, రెక్క చూడలేదు. కాళ్లు చూశాడు. చిలక కొమ్మ పట్టుకుంటే రెండు వేళ్లు ముందుకు, రెండు వేళ్లు వెనక్కి పోతాయి. మొదటి చిలకకు ముందు మూడు వేళ్లు, వెనక ఒకటి, కాకిలాగా. రెండోదానికీ అంతే. మంత్రంతో చేసినవాడు చిలకను ఎప్పుడూ సరిగ్గా చూసి ఉండడు. మూడోదానికి రెండు ముందు, రెండు వెనక.

పంజరం తెరిచి మూడో చిలక మెడ పట్టుకున్నాడు. చేతిలో దాని గుండె గింజ పగిలినట్టు టకటక కొట్టుకుంటోంది. ఇన్నేళ్లలో ఒక్క జీవాన్నీ చంపని చెయ్యి అది. బిగించబోయి ఆగిపోయింది.

"నాయనా, వాడు పోతే పోనీ, నన్నెందుకు చంపుతావు?" అంది చిలక. "నేను ఆడచిలకను, పిల్లలతల్లిని. ఇన్ని చిలకల్ని గీశావు, ఆడచిలక మెడకు ఎప్పుడైనా గీత చూశావా?"

నీలకేతు కొయ్యబారిపోయాడు. నిజమే, మెడ గీత మగచిలకకే ఉంటుంది. మరి ఈ గీత ఎక్కడిది? గోటితో ఈకలు పక్కకు తీస్తే, వెంట్రుకంత సన్నటి నల్లదారం కనిపించింది. దారం కదులుతోంది, ఊపిరి తీస్తున్నట్టు.

అప్పుడే తలుపు బద్దలుకొట్టుకుని కరాళుడు వచ్చాడు. దారం నీలకేతు చేతిలో చూసి మోకాళ్ల మీద పడ్డాడు.

"తెంపకు. నేను పోతే ఈ రంగులు పోతాయి. ఒక్క బొమ్మ మిగలదు. నువ్వు వేసినవాటిలో ఇవే గొప్పవని నీకూ తెలుసు. లోకం నీ పేరు కూడా తలుచుకోదు" అన్నాడు.

నీలకేతు గోడల వైపు చూశాడు. అవును, అవే గొప్పవి. ఇక అలా వెయ్యలేడని అతనికి తెలుసు. తర్వాత జుంటి కళ్ల వైపు చూశాడు. బొగ్గు చెక్కుకునే కత్తి తీసి దారం తెంపాడు.

కరాళుడు కేక కూడా పెట్టలేదు. ఉన్నచోటే మసై రాలిపోయాడు. రెండు దొంగ చిలకలు రంగుపొడి కుప్పలయ్యాయి. ఆడచిలక తన పిల్లల దగ్గరికి ఎగిరిపోయింది. గోడల మీద గుడ్డలన్నీ ఒక్కసారి ఉబ్బి, దుప్పులు దూకాయి, కొంగలు రెక్కలు విదిల్చాయి, నీటికుక్కలు జారి నేలమీద పడ్డాయి. చివర జుంటి తూలుతూ అడుగు వేసింది. అది పదకొండో అడుగు. గోడల మీద తెల్లటి గుడ్డలు మిగిలాయి.

"లోపల ఎలా ఉంది?" అని అడిగాడు నీలకేతు, ఆమె ముఖం చూడలేక.

"అన్నీ నువ్వు గీసినట్టే ఉన్నాయి దొరా. గాలి మాత్రం లేదు. ఒక ఆకు కదులుతుందేమోనని దుప్పులు అలాగే చూస్తూ నిలబడ్డాయి, నేనూ నిలబడ్డాను" అంది జుంటి. "నీ తప్పని నేననను. కానీ నాకు ఇంకా వణుకు తగ్గలేదు."

నీలకేతు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది.

తాబేలు పడవై, తర్వాత ఓడై, అందరినీ ఏడు సముద్రాలు దాటించింది. ఎర్రన్న ఒడ్డున కూతుర్ని చూసి నమ్మలేక, ముందు చెయ్యి తాకి చూశాడు. వెచ్చగా ఉంది. అప్పుడు కావలించుకున్నాడు.

ఏడాది గడిచాక జుంటి వణుకు తగ్గింది. నీలకేతు వెళ్లి, "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అడిగాడు. "అడవికి వస్తూ పోతూ ఉంటానంటే చేసుకుంటాను" అంది. పెళ్లికి రాజుగారు ఊరందరికీ అయిదు రోజులు భోజనాలు పెట్టించారు. ఎర్రన్న వాళ్లు కుండలకొద్దీ తేనె తెచ్చారు.

నీలకేతు రాజయ్యాక అరవై ఏళ్లు ఏలాడు. ఆ రాజ్యంలో వేట మాన్పించాడు. బొమ్మలు వేస్తూనే ఉన్నాడు, బొగ్గుతో, ఆకుపసరుతో, ఎర్రమట్టితో. అవి మునుపటంత గొప్పగా ఎప్పుడూ రాలేదు. ఒక్కో బొమ్మ అవగానే లేచి, ఎంత ముసలివాడైనా సరే, ఏటిదాకా నడిచి వెళ్లి, గీసిన జీవం ఇంకా అక్కడే ఉందో లేదో చూసి వచ్చేవాడు. ఉండేది. అప్పుడు గానీ అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేవాడు కాదు.

జీవాలు అడవికి చేరాయి, కథ మీ చెవులకు చేరింది. లేవండి, కాళ్లూ చేతులూ కడుక్కుని మనమూ ముద్ద తిందాం.