నీలి వెలుతురులో అరవై

ఎవరు ఏ ప్రశ్న అడిగినా పూర్ణయ్యగారు వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాంలే నాయనా" అని ఊరుకుంటారు. ఆ చూడటం ఒక్కోసారి ఏడాది పట్టేది. శిష్యుడు గంగరాజుకు మాత్రం ఒక్క సాయంత్రంలోనే జవాబు దొరికింది, అదీ నిడదవోలు స్టేషను బయట.

గురువుగారు రెండు వారాలు కాశీ వెళుతున్నారు. ఆయన లేనప్పుడు ఆదివారం గీత ఎవరు చెప్పాలో ఇంకా తేలలేదు. ఆ పీట తనకే దక్కాలని గంగరాజు ప్రాణం కొట్టుకుపోతోంది. అందుకే పొద్దున్నే వచ్చి, తన సాధన ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడం ఎలాగని అడిగాడు. మిగతా శిష్యుల సంగతి సరేసరి, అచ్చాయమ్మగారైతే శ్లోకం మొదలవగానే కునుకు తీస్తారని కూడా కలిపాడు. గురువుగారు నవ్వి, చూద్దాంలే అన్నారు. సాయంత్రం రైలుకు నీ బండి మీదే దింపు, అరవై మాత్రం దాటకు, అన్నారు.

ఇంకేముంది, గంగరాజు కాళ్లు నేల మీద నిలవలేదు. గురువుగారు ఎక్కే బండి మామూలుగా ఉంటే ఎలా? స్పీడోమీటరులో పసుపు లైటు తీసేసి నీలం లైటు పెట్టాలని ఎన్నాళ్ల నుంచో ముచ్చట పడుతున్నాడు. మధ్యాహ్నం కూర్చుని మీటరు విప్పాడు. చెంచాతో ముల్లు ఊడదీసి, లైటు మార్చి, ముల్లును అందాజుగా మళ్లీ నొక్కేశాడు. బయల్దేరే వేళకు తాళం తిప్పితే మీటరంతా కృష్ణుడి రంగులో వెలిగింది. ఆ సంబరంలో ముల్లు ఎక్కడ నిలబడిందో చూడనేలేదు.

దారిలో ముల్లు అరవై దగ్గరకు రాగానే, గురువాజ్ఞ కదా, పిసరంత కూడా పెంచలేదు. ముందు ఒక ఆటో దాటింది. తర్వాత చెరుకు ట్రాక్టరు పాటలు పెట్టుకుని మరీ దాటింది. ఆ వెనకే అచ్చాయమ్మగారు, అల్లుడి మోపెడు మీద ఒళ్లో చేగోడీల డబ్బాతో, వీళ్లకు చెయ్యి ఊపుతూ వెళ్లిపోయారు. ఈ జనానికి ప్రాణమంటే లెక్కలేదని గంగరాజు విసుక్కున్నాడు. కండువా కూడా ఎగరట్లేదే నాయనా అని మాత్రం గురువుగారు అన్నారు.

స్టేషను చేరేసరికి రైలు వెనక ఎర్రదీపం దూరమైపోతోంది. గంగరాజు బండికి స్టాండు వేసి మీటరు వంక చూశాడు. నీలి వెలుతురులో ముల్లు ముప్పై మీద ఉంది. కదలని బండికి ముప్పై! అంటే మీటరు అరవై చూపినా, దారి పొడుగునా తను నడిపింది ముప్పయ్యే. గురువుగారు వంగి, తీరిగ్గా చూసి, రంగు బావుందని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. గంగరాజుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

గురువుగారిని సాగనంపడానికి ముందే వచ్చి స్టేషను మెట్ల మీద కూర్చున్న అచ్చాయమ్మగారు, రేపు పొద్దున ఇంకో రైలుంది కదా అంటూ డబ్బా మూత తీసి ఇద్దరికీ చేగోడీలు పెట్టారు. గంగరాజు చేగోడీని చేతిలోనే పట్టుకుని గురువుగారి వైపు తిరిగాడు.

"గురువుగారూ, ఆదివారం అచ్చాయమ్మగారినే చెప్పమనండి. నేను చాపలు పరుస్తాను."

మధ్యలో నిద్రపోతే నన్ను లేపాలి మరి, అని ఆవిడ నవ్వేశారు. గంగరాజుకూ నవ్వొచ్చింది. గురువుగారు ఇంకో చేగోడీ అందుకున్నారు.

"ఎంతవరకు వచ్చానని పొద్దున అడిగావు కదూ? ఇప్పుడే కదిలావు నాయనా."