బూడిదవ్వ మోసిన మూడు నిప్పులు

అనగనగా అంటే మన గోదారి గట్టు అనగనగా కాదు. ఓడెక్కి మూడు నెలలు కక్కుకుంటూ పోతే వచ్చే అమెరికా అనగనగా. అప్పటికి అక్కడ రోడ్డు లేదు, రైలు లేదు. చెట్టు తరవాత చెట్టు, చెట్టు తరవాత చెట్టు. తూర్పున కొమ్మెక్కిన ఉడుత కాలు నేల మీద పెట్టకుండా నడిచి నడిచి, అడవి దాటేసరికి మునిమనవడి పెళ్లికి అందుకునేదట. అంత అడవి!

ఆ అడవిని కాస్త నరికి, ఒక నదికి రెండు పక్కలా దుంగల ఇళ్లు కట్టుకుని ముప్ఫై కుటుంబాలు కాపురం పెట్టాయి. అందులో హెప్సిబా అని ఒక ముసలావిడ. మొగుడు ఓడలోనే పోయాడు. పిల్లల్లేరు. ఇంటింటికీ తిరిగి పొయ్యిలో బూడిద ఎత్తుకొచ్చి, ఆ బూడిదనీళ్లలో పందికొవ్వు మరిగించి సబ్బు చేసేది. చేతులు బూడిద, శాలువా బూడిద, కనుబొమలు బూడిద. ఆమెను హెప్సిబా అని ఎవరూ పిలవలేదు. బూడిదవ్వ అన్నారు.

బూడిదవ్వ సబ్బంటే మాటలా! ఒకనాడు ఒక నల్ల ఎలుగుబంటి ఆ సబ్బునీళ్ల తొట్టిలో పడింది. తెల్లగా బయటికొచ్చింది. చుట్టాలకు మొహం చూపించలేక మంచుదేశానికి వెళ్లిపోయింది. అక్కడి తెల్ల ఎలుగులన్నీ దాని సంతానమే. కాదన్నవాడు వెళ్లి వాటినే అడగొచ్చు.

ఆ రోజుల్లో అగ్గిపెట్టె లేదు. రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి పడుకోవాలి. తెల్లారి బూడిద తోస్తే కింద నిప్పు కళ్లు తెరుస్తుంది. ఆరిందా, ఇక చెకుముకి రాయే గతి. వానాకాలం, మంచుకాలం దూది చెమ్మపడితే ఆ రాయీ పనికిరాదు. కుండ పట్టుకుని పక్కింటికి వెళ్లి నిప్పు అడగాలి. అలా అడిగినవాణ్ణి చూసి ఊరు నెల్లాళ్లు నవ్వేది.

అందరికంటే గట్టిగా నవ్వేవాడు సైలస్. నది అవతల కొండ మీద ఒంటిగా ఇల్లు కట్టుకున్నాడు. ఊరంతటికీ ఇటుకల పొగగొట్టం వాడొక్కడిదే. "నిప్పు కాపాడుకోలేనివాడు ఇల్లేం కాపాడతాడు?" అని చర్చి మెట్ల మీద నిలబడి మరీ అనేవాడు.

బూడిదవ్వ నవ్వేది కాదు. రోజూ రాత్రి తన పొయ్యి దగ్గర కూర్చుని, నిప్పుల మీద బూడిద కప్పి, పసిబిడ్డను జోకొట్టినట్టు మెల్లగా తట్టేది. "పడుకో తల్లీ, పొద్దున్నే పనుంది" అనేది.

ఆ చలికాలంలో సైలస్ భార్య పేషన్స్ ఆడపిల్లను కంది. బిడ్డ పుట్టిన రెండో నాడు, చూడ్డానికి మర్నాడు పాస్టరుగారు వస్తారని సైలస్ ఇల్లంతా కడిగించాడు. సాయంత్రం బూడిదవ్వ వస్తే, పొయ్యిలో బూడిదంతా గీకి గీకి మూడు బుట్టలు నింపాడు.

"కొంచెం ఉంచుకో నాయనా. రాత్రికి నిప్పు మీద కప్పొద్దూ?" అంది అవ్వ.

"నాకు నిప్పు పాఠాలు చెబుతున్నావా ముసలీ? మొద్దులు పేరుస్తాను, తెల్లార్లూ మండుతాయి. పొయ్యి అద్దంలా ఉండాలి. పట్టుకుపో."

అవ్వ పట్టుకుపోయింది.

ఆ రాత్రి మంచు కురిసింది. మామూలు మంచా! తెల్లారేసరికి చర్చి గంట దాకా మునిగి, గంటగూట్లో పావురాలు ఎగరకుండానే మంచు మీదికి నడిచిపోయాయి. అవ్వ పారతో దారి చేసుకుని బయటికొచ్చి పొగలు లెక్కపెట్టింది. ఇరవైతొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. ఇరవైతొమ్మిది. మూడోసారి లెక్కపెట్టలేదు. కొండ మీద ఇటుకల పొగగొట్టం ఊపిరాగిన మనిషిలా నిలబడి ఉంది.

"అయ్యో, ఆ బూడిద మోసుకొచ్చింది నేనే కదా" అనుకుంది. "మూడు రోజుల బిడ్డ."

వాడు వచ్చి అడగడని అవ్వకు తెలుసు. చలికి చస్తాడు గానీ అడగడు. ఇనప కుండలో బూడిద పరిచి, మూడు ఓక్ కొయ్య నిప్పులు పెట్టి, పైన బూడిద కప్పింది. మెల్లగా తట్టింది. "పడుకో తల్లీ, పొద్దున్నే పనుంది."

కొండకు బయల్దేరింది. మొదట అడవి. తోడేళ్లు చుట్టుముట్టాయి. నలభై! నాలుగే అన్నవాడు పరిగెత్తుతూ లెక్కపెట్టి ఉంటాడు. అవ్వ ఒక నిప్పు తీసి విసిరింది. అది పెద్ద తోడేలు ముక్కు మీద పడింది. ఆ తోడేలు పెట్టిన కేకకు మూడు ఊళ్ల కోళ్లు పొదుగుతున్న గుడ్లు వదిలి లేచాయి. తోడేళ్లు పరారు. మిగిలిన నిప్పులు రెండు.

తరవాత నది. గడ్డకట్టిన నది మధ్యలో మంచు పలక ఫెటిల్లుమంది. అవ్వ కాలు మోకాలి దాకా దిగబడింది. కుండ ఒరిగింది. ఒక నిప్పు జారి నీళ్లలో చుయ్‌మంది. కింది ఊరివాళ్లు ఆ రోజు ఉడికిన చేపలే పట్టుకున్నారు. ఉప్పొక్కటే తక్కువైందట. మిగిలింది ఒకటి.

తరవాత కొండ. గాలి. ఇక్కడిదాకా చెప్పినదాంట్లో కాస్త ఉప్పూకారం పడితే పడి ఉండొచ్చు. ఇక్కణ్ణించి చిటికెడు కూడా లేదు.

అవ్వ తన శాలువా తీసి కుండకు చుట్టింది. కుండను గుండెకు హత్తుకుంది. తడిసిన కాలు కొయ్యబారింది. ఒక అడుగు వేసి, "పడుకో తల్లీ" అనేది. ఇంకో అడుగు వేసి, "పొద్దున్నే పనుంది" అనేది. అలా ఎక్కింది.

తలుపు తట్టింది. సైలస్ తలుపు సందులోంచి మొహం బయటపెట్టాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏం ముసలీ?"

"బూడిద కోసం వచ్చాను నాయనా."

"నిన్ననే ఇచ్చానుగా!"

"చాల్లేదు."

"మా ఇంట్లో నిప్పు ఉంది" అన్నాడు సైలస్. ఎవరూ అడక్కుండానే అన్నాడు.

"ఉండక ఎక్కడికి పోతుంది? నేనడిగింది బూడిద. అడుగున నాలుగు గింజలున్నా గీక్కుపోతాను. జరుగు."

లోపల పేషన్స్ బిడ్డను తన ఒంటికి ఆనించుకుని, ఇంట్లో ఉన్న బట్టలన్నీ కప్పుకుని పడుకుంది. బిడ్డ ఏడవడం లేదు. ఏడ్చే ఓపిక లేదు. అవ్వ అటు చూడనట్టే పొయ్యి దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. వాళ్లకు వీపు పెట్టింది. వీపు వెనక ఏం చేసిందో ఎవరికీ కనబడలేదు. ఊదిన చప్పుడు మాత్రం వినిపించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

లేచి పక్కకు తప్పుకునేసరికి పొయ్యిలో మంట ఉంది.

"చూశావా, కిందెక్కడో దాక్కుంది నీ నిప్పు" అంది అవ్వ. "మంచి పొయ్యి నాయనా నీది."

కాసేపటికి బిడ్డ క్యారుమంది. ఆ ఏడుపు విని అవ్వ తన కుండలో చల్లటి బూడిద గుప్పెడు వేసుకుని, నిప్పు లేని కుండతో కొండ దిగిపోయింది.

ఆ తడిసిన కాలి చలి అవ్వ రొమ్ముకెక్కింది. మంచు కరిగే వేళకు కన్నుమూసింది. పూడ్చేటప్పుడు ఊరంతా వచ్చింది గానీ ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. సబ్బు చేసే ముసలిదాని గురించి ఏం చెబుతారు?

సైలస్ ముందుకొచ్చాడు. చేతిలో తన పొయ్యిలోని బూడిద ఉంది.

"ఆ రోజు మా ఇంట్లో నిప్పు లేదు" అన్నాడు. "నేనే ఆర్పుకున్నాను. అవ్వ తెచ్చింది. తెచ్చానని చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. వడ్రంగి జోసయా టోపీ తీశాడు. "మా ఇంటికీ వచ్చింది. రెండేళ్ల కిందట. బూడిద కోసమే అంది."

"మా ఇంటికి రెండుసార్లు" అంది ఒకావిడ.

"మాకూ" అన్నారు ఇంకెవరో. అలా ఇరవయ్యారు ఇళ్లు లేచాయి. ఎవరికి వారు, అవ్వ తమ పరువు ఒక్కటే కాపాడిందని అన్నాళ్లూ అనుకున్నారు. మిగతా మూడిళ్లవాళ్లు దగ్గి, బూట్ల వంక చూసుకున్నారు.

సైలస్ బూడిదను మట్టి మీద చల్లి, చేత్తో మెల్లగా తట్టాడు. ఆ మాట అతనికెలా తెలుసో మరి, కొండెక్కి వచ్చిన అవ్వ తలుపు బయట గొణుక్కుంటుంటే విని ఉంటాడు. "పడుకో తల్లీ" అన్నాడు. రెండో సగం అనలేకపోయాడు.

ఆ బిడ్డకు హెప్సిబా అని పేరు పెట్టారు. ఆ నది పక్కన ఇప్పటికీ చలికాలం తెల్లవారితే, కాఫీ కంటే ముందు పక్కింటి పొగగొట్టం చూస్తారు. పొగ లేకపోతే కుండ పట్టుకుని బయల్దేరతారు. తలుపు తట్టి, "బూడిద ఉందా?" అంటారు. లోపలివాళ్లు, "ఉంది, రండి" అంటారు.

వచ్చిన కుండ పోయేటప్పుడు ఎందుకు తేలికైందని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.