దివాన్‌గారబ్బాయి హాజరు

మా నాయనమ్మ సందెదీపం పెట్టి, దణ్ణం పెట్టుకున్నాక ఈ కథ చెప్పేది. పూర్వం ఒక రాజ్యంలో వడ్రంగం, నేత నేర్పే విద్యాశాల ఉండేది. అక్కడ విద్యార్థుల హాజరు రాసే ఆమె పేరు వెంగమాంబ.

ఒకనాడు దివాన్ విరూపాక్షయ్య తన కొడుకు గోవర్ధనాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అబ్బాయి ఏడాదంతా ఆ గడప తొక్కలేదు. హాజరు లేనిదే పట్టా ఇవ్వరు.

"మావాడు రోజూ వచ్చినట్టు రాసెయ్. రాయకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు దివాన్.

అంత పెద్దమనిషి అలా అడిగేసరికి ఆయన పడాల్సిన సిగ్గు వెంగమాంబే పడి, తల వంచుకుంది.

"రాస్తాను బాబుగారూ. కానీ శ్రావణంలో ఒకరోజు మా విద్యార్థులు పట్టపుటేనుగుకు సున్నం పూశారు. ఆ రోజు హాజరైన వాళ్లంతా ఏడాదిపాటు ఏనుగుల సాల ఊడవాలని రాజుగారి ఆజ్ఞ. అబ్బాయిగారికీ చీపురు ఇప్పించమంటారా?"

"ఛీ! ఆ ఒక్కరోజూ వదిలేసి తక్కినవన్నీ వెయ్యి."

"చిత్తం. ఏడాదంతా వచ్చినవాడు సరిగ్గా ఆ రోజే మానేశాడంటే, సున్నం కలిపించింది ఈయనేనని రాజుగారు అనుకోరు కదండీ?"

గోవర్ధనం చెవులు ఎర్రబడ్డాయి.

"రాలేదనే ఉండనివ్వండి నాన్నగారూ. నా తోటివాళ్లలో ఒక్కడి పేరైనా నాకు తెలియదు."

మర్నాడు పొద్దున్నే అతను, ఏ ఆజ్ఞా లేకుండానే, ఏనుగుల సాలకు వెళ్లి చీపురు అందుకున్నాడు. పక్కన ఊడుస్తున్నవాడి ముఖంలోకి చూడలేక, నేలకేసి చూస్తూ మెల్లగా అడిగాడు: "నీ పేరేమిటన్నా?"