గౌను విప్పేసిన రోజు

వైరస్‌ల పరిశోధనాలయంలో చేరిన కొత్తలోనే హిమజ తన గురువును అడిగింది: "మేడం, ఈ భయం ఎప్పటికి పోతుంది?"

డాక్టర్ సలోమి మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. "చూద్దాం" అని మాత్రం అంది. అంతుచిక్కని జ్వరాలతో చనిపోయినవాళ్ళ కణజాలంలో వైరస్‌ల జాడ వెతకడంలోనే జీవితమంతా గడిపిన మనిషి ఆవిడ. ఎంత ప్రమాదకరమైన నమూనా వచ్చినా ఆవిడ చేతులు వణికేవి కావు. చూస్తున్న హిమజకే ఒళ్ళు జలదరించేది.

హిమజ సంగతి వేరు. సబ్బుతో కడిగి కడిగి వేళ్ళు పగిలిపోయాయి. ఇంటికి వెళ్ళాక కూతురు చేతులు చాచి ఎదురొస్తే ఎత్తుకునేది కాదు. స్నానం చేశాక కూడా, పిల్ల నిద్రపోయేదాకా దూరదూరంగానే తిరిగేది. అంతకుముందు అక్కడ పనిచేసిన ఒక పెద్దాయన, పరీక్షిస్తున్న జ్వరమే తగిలి పోయాడట. మెట్ల దగ్గర వేలాడే ఆయన ఫొటోవైపు చూడకుండా ఎక్కేది.

ఆ వానాకాలంలో మన్యంలోని ఒక గూడెం నుంచి ఐసుపెట్టె వచ్చింది. జ్వరం మెదడుకెక్కి ఒక యువకుడు చనిపోయాడు. అతని మెదడు నుంచి తీసిన ముక్కలు అందులో ఉన్నాయి. ఇప్పుడు అతని భార్యకూ అదే జ్వరం. ఏ వైరసో తేలితే తప్ప ఏ మందు వేయాలో ఆసుపత్రి డాక్టర్లకు పాలుపోవడం లేదు. ఫోను మీద ఫోను చేస్తున్నారు.

సలోమి గౌను, మాస్కు, రెండు జతల చేతి తొడుగులు వేసుకుని, నమూనాలు తెరిచే అద్దాల గది తలుపు దాకా వెళ్ళి ఆగింది. హిమజ చూస్తూండగానే వెనక్కి వచ్చి, తొడుగులు లాగేసి, గౌను విప్పేసింది.

"ఇవాళ నేను వెళ్ళను. నువ్వు వెళ్ళు."

హిమజ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంతటి ఆవిడే జంకిందంటే లోపల ఏముందో!

"నా వల్ల కాదు మేడం. చేతులు ఎలా వణుకుతున్నాయో చూడండి."

"చూశాను. అద్దానికి ఇవతలే ఉంటాను. వెళ్ళమ్మా, అక్కడ ఆ గూడెం అమ్మాయి ఎదురుచూస్తోంది."

లోపల తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది. కట్టుకున్న గౌను ముడిని మళ్ళీ తడుముకుంది. తొడుగుల్ని వెలుతురుకు పెట్టి వేలు వేలూ చూసుకుంది. గాజు క్యాబినెట్‌లో పెట్టె మూత తెరిచింది. అందులో రెండు గాజు గొట్టాలు. మామూలుగా అయితే వాటిని అందరూ వేళ్ళతోనే తీస్తారు. ఆమెకు ధైర్యం చాలలేదు. పట్టకారుతో ఒకదాన్ని ఎత్తి, దీపం కింద మెల్లగా తిప్పింది.

గాజు మీద వెంట్రుకంత చీలిక. చుట్టిన దూది తడిసి ఉంది.

కూతురి ముఖం కళ్ళముందు మెదిలింది. తలుపు తోసుకుని పరుగెత్తాలనిపించింది. అద్దం అవతల సలోమి లేచి నిలబడింది.

"కదలకు" అంది స్పీకర్లోంచి. ఆ గొంతు వణికింది.

హిమజ అక్కడి నుంచి కదలలేదు. క్రిమిసంహారక ద్రవం సీసా అందుకుని, చీలిన గొట్టం మీద, తడి దూది మీద పోసి, చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకుండా నిలబడింది. అది పనిచేసేదాకా ఆగి, అంతా పక్కన మూటగట్టి, చెక్కుచెదరని రెండో గొట్టం తెరిచి పని పూర్తిచేసింది. బయటికి వచ్చాక గోడకు జారగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. సలోమి పక్కనే కూర్చుంది.

మర్నాటికి వైరస్ పేరు తేలింది, మందు మొదలైంది. గూడెం అమ్మాయి చాలా అవస్థ పడింది గానీ మనిషి దక్కింది. ఆ కబురు వచ్చిన రోజు హిమజ మనసులో నలుగుతున్న మాట అడిగేసింది.

"ఆ రోజు మీకు కూడా భయం వేసిందా మేడం?"

సలోమి తన చేతులవైపు చూసుకుంది.

"ఆ రోజు తొడుగులు వేసుకుంటూ, ఇంటికెళ్ళి గోంగూర వండాలా వంకాయ వండాలా అని ఆలోచిస్తున్నానమ్మా. అందుకే గౌను విప్పేశాను" అంది.