ముందు గుండు, తర్వాత దండ

పూర్వం వేలుకొండ రాజ్యంలో ఆడవాళ్లు డప్పు ముట్టకూడదనేవారు. ఎర్రెక్క ముట్టింది. ఊరూరా తిరిగి ఆడవాళ్లకు నేర్పింది. ఆ నేరానికి అప్పటి రాజు ఆమెకు గుండు గీయించి ఊరేగించాడు. ఆమె పోయింది గానీ, డప్పు ఆగలేదు. ఆ రాజు మనవడు రణభీముడు గద్దెనెక్కే నాటికి ఆడవాళ్ల డప్పంటేనే వేలుకొండ అని పేరొచ్చింది. దాంతో ఆయన కోట ముందు విగ్రహం నిలబెట్టాడు. ఎర్రెక్కది కాదు, ఆమె మొగుడు ఓబయ్యది. తలపాగా, కోరమీసం, చంకలో డప్పు.

ఎర్రెక్క దగ్గర డప్పు నేర్చిన నూకాలుకు ఒళ్లు మండింది. ఓబయ్య ఏనాడూ డప్పు ముట్టి ఎరగడు. రాజు దండ వేయబోతుంటే ఆమె మంగలికత్తితో ముందుకొచ్చింది.

"ఏమిటే ఆ కత్తి?" అన్నాడు మంత్రి.

"ఓబయ్య బావకు గుండు గీయాలయ్యా. ఇంతకీ ఆయన విగ్రహం ఎందుకు పెట్టారు?"

"మగాడి అండ లేనిదే ఆడది డప్పు కొడుతుందా? అసలు నాయకుడు ఆయనే."

"ఆడవాళ్ల డప్పుకు నాయకత్వం వహించినవాళ్లకు గుండని తాతగారి తీర్పు కదా. ముందు గుండు కానివ్వండి, తర్వాత దండ. కాదంటే తాతగారు తప్పు చేయని మనిషిని శిక్షించారని దండోరా వేయించండి. శిక్షకు గుర్తొచ్చిన పేరు దండకు గుర్తు రాలేదా, ప్రభూ?"

తాతను తప్పుపట్టలేక రాజు దండ దించాడు. "సరే, ఎర్రెక్క విగ్రహమే పెట్టిస్తాను. బారెడు జడ, జడ నిండా పూలు చెక్కిస్తాను."

"జడ వద్దు," అంది నూకాలు. "గుండుతోనే చెక్కించండి. ఎవరు గీయించారని పిల్లలు అడగాలి."