రెండో ఫిరంగి

కోపంతో వచ్చినవాడికి ఓబులయ్యగారు నీతులు చెప్పేవారు కారు, కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించేవారు. ఆ రోజు శిష్యుడు తిమ్మప్ప ఆ మజ్జిగ కూడా ముట్టలేదు. మఠంలో చేరినవాడివి నాన్న తద్దినానికి రావద్దని వాళ్ళ అన్నయ్య కబురు పెడితే, ఇతను పొద్దున్నే ఘాటుగా జవాబు పంపాడు. మధ్యాహ్నానికి ఆ అన్నయ్య దగ్గరనుంచి అంతకు రెండింతల ఘాటుగా మాట తిరిగొచ్చింది. ఇక నలుగురిలో నిలదీసి తెగతెంపులు చేసుకుంటానని కండువా భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"న్యాయం నా పక్కనే ఉంది గదా స్వామీ. ఇప్పుడు ఆగితే పిరికితనం గాదా?" అని అడిగాడు.

ఓబులయ్యగారు వయసులో ఉండగా ఒక పాళెగాడి కోటలో ఫిరంగి కాల్చేవారు. ఆ సంగతి మఠంలో అందరికీ తెలుసు, ఎందుకు మానేశారో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ రోజు చెప్పారు.

శత్రువుల దండు ఏరు దాటుతోందట. కోటకు ఉన్నవి రెండే ఫిరంగులు, ఒకటి హుసేనుసాయబుది, ఒకటి ఈయనది. ఏటికి రేవు ఒక్కటే కాబట్టి ఇద్దరూ దానిమీదే గురిపెట్టారు. సాయబు ప్రతి దెబ్బ తర్వాతా పొడుగాటి కర్రకు చుట్టిన తడిగుడ్డను గొట్టంలోకి దించి, అడుగుదాకా తుడిపించి, ఆ తర్వాతే మందు కూరించేవాడు. కోట సేనను నడిపే దళవాయి ఎన్ని కేకలేసినా వినిపించుకోలేదు. ఆ నిదానం చూసి ఈయనకు నవ్వొచ్చింది. ఈయన కొట్టిన మూడు దెబ్బలూ తగిలి దండు తడబడింది. ఆ ఊపులో నాలుగోదానికి తుడవక్కర్లేదు, మందు వెయ్యమన్నారు. గొట్టం అడుగున ఒక్క నిప్పురవ్వ మిగిలే ఉంది. కూరుతుండగానే మందు అంటుకుంది. కూరుతున్నది ఈయన సొంత తమ్ముడు కొండన్న. సాయబు పరుగెత్తుకొచ్చేసరికే ప్రాణం పోయింది.

కోట నిలిచింది. సాయబు వెనక్కి వెళ్ళి, సాయంత్రందాకా అదే నిదానంతో ఒక్క ఫిరంగినే మోగించి, రేవులో ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. రెండో ఫిరంగి మళ్ళీ మోగలేదు.

"న్యాయం ఆ పొద్దు నా పక్కనే ఉన్నింది. నాకు గీరుకొని కూడా పోలేదు," అన్నారు ఓబులయ్యగారు.

తిమ్మప్ప కూర్చున్నాడు. కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల రవ్వ మిగిలిందో లేదో తెలిసేదెట్లా అని మెల్లగా అడిగాడు.

"తెలీదు నాయనా. అందుకే ప్రతి దెబ్బకూ తుడిచేది."