పళ్ళు బిగబట్టుకున్న పిల్ల

అనగనగా నరసాపురంలో లేసు అల్లే కరుణమ్మ అని ఒకావిడ ఉండేది తల్లీ. ఆవిడకి ఒక్కతే కూతురు, సువార్త. తొమ్మిదో తరగతి. నెమ్మదస్తురాలు. బడి నుంచి రాగానే అమ్మ పక్కన కూర్చుని లేసు అల్లేది. దారం తెంచాలంటే కత్తెర వెతికేది కాదు, పళ్ళతో పుటుక్కున కొరికేది. దారం లేనప్పుడు గోళ్ళు కొరికేది.

కొన్నాళ్ళకి ఆ పిల్ల అన్నం నములుతుంటే చెవి దగ్గర టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. కరుణమ్మ పట్టించుకోలేదు. ఆ తర్వాత పొద్దున లేవగానే చెంపలు నొప్పి అంది. పిప్పిపన్నేమో అని లవంగం పెట్టింది.

అప్పుడు ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నారు. సువార్త ముద్ద నోటి దాకా తెచ్చింది. నోరు తెరుచుకోలేదు. వేలు పట్టేంత సందు, అంతే. పిల్ల కళ్ళల్లో నీళ్ళు. కరుణమ్మ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ వేడి గుడ్డతో కాపడం పెట్టి, మెల్లగా ఒత్తి, నోరు కాస్త తెరిపించింది.

"పళ్ళు బాగానే ఉన్నాయి. దవడ కీలు అలిసిపోయింది. దారాలు, గోళ్ళు కొరకడం ఒకటి. దానికి తోడు పళ్ళు గట్టిగా బిగబట్టుకుని ఉంటోంది. ఎప్పుడు బిగిస్తావమ్మా?" అని అడిగింది.

సువార్త తల దించుకుంది. "అమ్మా నాన్నా పోట్లాడుకునేటప్పుడు. అరవాలనిపిస్తుంది. అరవకుండా ఉండాలని."

తలుపేసుకునే కదా పోట్లాడుకునేది. పిల్లకి వినపడదనే అనుకుంది కరుణమ్మ ఇన్నాళ్ళూ. ఇంటికొచ్చి భర్త యేసుపాదానికి చెబితే ఆయనా వినపడదనే అనుకున్నానన్నాడు.

ఆ తర్వాత కాపడాలు, మెత్తటి జావ, దారానికి కత్తెర. దవడ కాస్త కాస్త వదులైంది. కానీ పోట్లాటలు ఒక్కసారిగా ఎక్కడ ఆగుతాయి? ఒకరోజు మళ్ళీ మొదలైంది. అప్పుడు సువార్త తలుపు తోసుకుని వచ్చింది.

"ఆపండి. నాకు భయమేస్తోంది," అంది, వీధి దాకా వినపడేలా.

ఆ నెమ్మదస్తురాలికి అంత గొంతుందని ఇద్దరికీ తెలియదు. ముందుగా కరుణమ్మే దగ్గరికొచ్చింది. కూతురి చెంపలు రెండూ చేతుల్లోకి తీసుకుని తడిమింది. ఈసారి బిగుసుకోలేదు, మెత్తగా ఉన్నాయి.

పెదవులు మెల్లగ కలుపుకో,
దవడను వదులుగ ఉంచుకో,
కథేమో కంచికి పోయింది,
మనకేమో నిద్దర వచ్చింది.